డాంబరు అంటిన చేతుల గురించి

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కలెక్టర్లకు,



ఒక ఫారంలో ఒక ప్రశ్న చేర్చమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లు దాటినవాళ్ల ఇళ్లకు ఆశా కార్యకర్తలు వెళ్లి నింపుకొచ్చే సీబ్యాక్ ఫారాన్ని మీ సమీక్షల్లో చాలాసార్లు చూసే ఉంటారు. బీడీ, గుట్కా అలవాటుందా, రోజూ మందు తాగుతారా, నడుము కొలత ఎంత అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. కుష్ఠును ముందే పట్టుకోవడానికి ఒంటి మీద స్పర్శ లేని మచ్చలున్నాయా, చర్మం మందమైందా, అరచేతుల్లోనో అరికాళ్లలోనో మళ్లీ మళ్లీ పుండ్లు పడుతున్నాయా అని అడుగుతారు. ఊపిరితిత్తుల జబ్బు కోసం వంట దేని మీద చేస్తారు, ఇటుక బట్టీల్లాంటి పొగ, దుమ్ము ఉండే చోట్ల పని చేశారా అనీ అడుగుతారు. చర్మం గురించీ అడుగుతున్నాం, పని గురించీ అడుగుతున్నాం. పని వల్ల చర్మానికి ఏమైందన్నది మాత్రం ఎక్కడా లేదు. డాంబరు, కాలిన ఇంజినాయిలు, టైర్ల నుంచి తీసిన నూనె, ఇలాంటివి మీ ఒంటికి ఎన్నేళ్లు అంటాయి? ఈ ప్రశ్నను మీ మూడు జిల్లాల్లో ఆ కాగితం చివర చేర్పించండి.

ముగ్గురికీ కలిపి ఒకటే ఉత్తరం ఎందుకంటే, 2016 అక్టోబరు 11 దాకా ఇదంతా ఒకటే మహబూబ్‌నగర్ జిల్లా, మన పాలమూరు. కలెక్టరేట్లు వేరుపడ్డాయి గాని వలస వేరుపడలేదు. గట్టు, ధరూరు నుంచైనా, పాన్‌గల్, ఘన్‌పూర్ నుంచైనా, బల్మూరు, అచ్చంపేట, కొల్లాపూర్ నుంచైనా పోయే తీరు ఒకటే. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు, ఆలూమగలిద్దరి కష్టం లెక్కగట్టి తీసుకపోతాడు, ఏ రాష్ట్రంలో దిగితే అక్కడ పని. ఆనకట్టలూ కాలువలూ కట్టిన పాలమూరు లేబర్ గురించి పాటలున్నాయి, కథలున్నాయి, ఉపన్యాసాలైతే ప్రతి ఎన్నికలకూ ఉన్నాయి. రోడ్డు మీద డాంబరు పరిచినవాళ్ల గురించి నాకు కనబడింది తక్కువ. మట్టి పనిలో నడుము విరిగితే కళ్లకు కనిపిస్తుంది. డాంబరు చేసే పని పదేళ్లకో, ఇరవై ఏళ్లకో, ముప్పై ఏళ్లకో బయటపడుతుంది. అప్పటికి ఆ మనిషి ఊళ్లో మేకలు కాస్తుంటాడు. పుండును చూపించుకోవడానికి దవాఖానకు పోతే చీటీ మీద 'వృత్తి: వ్యవసాయం' అని రాస్తారు.

ఆ పని ఎట్లా ఉంటుందో మీకు తెలియదనుకోను. అయినా కారు అద్దంలో నుంచి చూడటం వేరు, పక్కన నిలబడి చూడటం వేరు. పెద్ద కాంట్రాక్టుల్లో ప్లాంటు నుంచి టిప్పర్లలో వేడి మిక్సు వస్తుంది, యంత్రం పరుస్తుంది, రోలరు తొక్కుతుంది. ఊరి రోడ్లకూ గుంతలు పూడ్చే పనికీ ఇంకా మనుషులే. డ్రమ్ము కింద మంట పెట్టి డాంబరు కరిగిస్తారు, చిల్లుల డబ్బాతో కంకర మీద చల్లుతారు, మిక్సును ఇనుప తట్టల్లో మోసి పారలతో సర్దుతారు. అది దాదాపు 140 నుంచి 160 డిగ్రీల వేడి మీద ఉంటుంది. కాళ్లకు గోనెపట్టలు, చేతులకు పాత గుడ్డలు చుట్టుకుంటారు. ఆ గుడ్డలే మర్నాడు, ఆ మర్నాడు కూడా. సాయంత్రానికి మోచేతుల దాకా అతుక్కున్నదాన్ని కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో రుద్ది కడుక్కుంటారు. అసలు సంగతి ఈ కడుక్కోవడం దగ్గరే ఉంది. కిరోసిన్ చర్మం మీద సహజంగా ఉండే జిడ్డును తీసేస్తుంది, డాంబరును పలుచన చేస్తుంది, పలుచనైన ఆ నూనె ఆరిన చర్మంలోకి ఇంకుతుంది. అమెరికాలో రోడ్డు కార్మికుల మూత్రంలో ఈ పదార్థాల అవశేషాలను కొలిచి చూసినప్పుడు, ముక్కు గుండా పోయేదానికన్నా చర్మం గుండా పోయేదే ఎక్కువ ప్రభావం చూపిందని తేలింది. మనం మాత్రం మాస్కుల గురించే మాట్లాడతాం.

డాంబరు ఒక్కటే కాదు. స్లాబు వేసే చోట సెంట్రింగ్ పలకలకు కాంక్రీటు అతుక్కోకుండా ఒక నూనె పూస్తారు. చాలా సైట్లలో అది బండ్ల నుంచి తీసేసిన ఇంజినాయిలే. గుడ్డ ముంచి, చేత్తో పూస్తారు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి పొడవునా కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తాల్లో లారీలు ఆగే చోట షెడ్లలో పని నేర్చుకునే పిల్లలకు ఆ నూనె పొద్దున నుంచి రాత్రి దాకా చేతుల మీదే. నూనె గుడ్డ ప్యాంటు జేబులో కుక్కుకునే అలవాటొకటి ఉంది. తొడ మీద తడి ఆరదు. ఊళ్లలో కుక్కకు గజ్జి లేస్తే మెకానిక్ షెడ్డు నుంచి ఓ సీసా తెచ్చి పూసేవాళ్లు కూడా ఉన్నారు. చేతి గ్లౌజులు వేసుకుని పూసినవాణ్ణి నేను చూడలేదు.

మూడోది కొంచెం కొత్తది. పాత టైర్లను గాలి తగలకుండా నాలుగు, ఐదు వందల డిగ్రీల దాకా వేడిచేస్తే నూనె, మసి, ఇనుప తీగ, గ్యాసు వస్తాయి. ఆ నూనెను కొలుములకూ బాయిలర్లకూ ఇంధనంగా అమ్ముతారు. భూమిలో దొరకని, మనిషి తయారుచేసిన ఇంధనాల్లో మన కూలీలకు నిజంగా తగిలేది ఇదే. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన లెక్క ప్రకారం దేశంలో ఇలాంటి యూనిట్లు 637 ఉంటే అందులో 270 నిబంధనలు పాటించడం లేదు. కొలిమి తలుపు తీసి మసి ఊడ్చే పనికి స్థానికులు ఇష్టపడరు కాబట్టి ఎక్కడెక్కడి నుంచో వలస కూలీలే వస్తారు.

ఇక్కడ కొంచెం రసాయనం చెప్పక తప్పదు. బొగ్గునో, టైరునో, చెక్కనో, రాతిచమురునో బాగా వేడిచేసినప్పుడు కర్బన వలయాలు నాలుగైదు ఒకదానికొకటి అతుక్కున్న అణువులు పుడతాయి. 1933లో లండన్ పరిశోధకులు బొగ్గు తారు నుంచి బెంజోపైరీన్ అన్న అలాంటి అణువును వేరుచేసి చూపించారు. చర్మంలోకి పోయాక మన ఒంట్లోని ఎంజైములు దాన్ని బయటికి పంపేందుకు మార్చబోతాయి. ఆ మార్పులో పుట్టే రూపం పోయి డీఎన్ఏకు అతుక్కుంటుంది. ఒక్కరోజులో ఏమీ కాదు. అదే చోట, అదే చర్మానికి, ఏళ్ల తరబడి అంటుతూ ఉంటే ముందు పులిపిర్లలాంటివి లేస్తాయి, పొలుసుల మచ్చలొస్తాయి, వాటిలో కొన్ని మానని పుండ్లవుతాయి. ఎక్కువగా ముంజేతుల మీద, ముఖం మీద, మగవాళ్లకైతే వృషణాల తిత్తి మీద. ఈ చివరిది చెప్పుకోవడానికి సిగ్గుపడి ఎందరు దాచుకుంటారో మీ డాక్టర్లను అడగండి.

కృత్రిమ ఇంధనం అనగానే అంతా విషమే అనుకోవడం కూడా తప్పే. గ్యాసు నుంచి ఫిషర్, ట్రాప్ష్ పద్ధతిలో తయారుచేసే డీజిల్‌లో ఈ వలయాల అణువులు దాదాపు ఉండవు. చర్మం పగిలి మంట పుడుతుందేమో గాని, దాన్నీ బొగ్గు తారునూ ఒకే గాట కట్టకూడదు. ప్రమాదమంతా దాదాపు 350 డిగ్రీల పైన మరిగే బరువు భాగాల్లో ఉంటుంది. అందుకే ఏ ఇంధనం అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. దేని నుంచి, ఎంత వేడి మీద, దాని ఏ భాగం అన్నవి కూడా కావాలి.

ఈ సంగతి ప్రపంచానికి కొత్త కాదు. స్కాట్లండ్‌లో రాళ్లను కాల్చి నూనె తీసే కార్ఖానాల పనివాళ్లకు వచ్చిన చర్మ కేన్సర్ గురించి 1876లో ఎడిన్‌బరో డాక్టరు జోసెఫ్ బెల్ రాశాడు. షెర్లాక్ హోమ్స్ పాత్రకు ఆయనే ప్రేరణ. రోగి నోరు విప్పకముందే చేతులు చూసి ఏ పని చేస్తాడో చెప్పేవాడని పేరు. 1915లో జపాన్‌లో యమాగివా, ఇచికావా అన్న ఇద్దరు కుందేళ్ల చెవులకు నెలల తరబడి బొగ్గు తారు పూసి కేన్సర్ పుట్టించి చూపించారు. లాంకషైర్ నూలు మిల్లుల్లో కదుర్లకు వేసే నూనె తొడల మీద చింది వచ్చిన కేన్సర్‌కు పని పేరే పెట్టుకున్నారు. నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది మాత్రం అమెరికాలోని పశ్చిమ వర్జీనియా దగ్గర.

అక్కడ ఇన్‌స్టిట్యూట్ అనే ఊళ్లో 1952లో యూనియన్ కార్బైడ్ కంపెనీ బొగ్గుకు హైడ్రోజన్ ఎక్కించి నూనెగా మార్చే ప్లాంటు పెట్టింది. (భోపాల్‌లో వేలమందిని చంపిన వాయువును అమెరికాలో తయారుచేసింది కూడా ఆ ఊళ్లోనే. కంపెనీ పేరు విని మీకు అది గుర్తొచ్చి ఉంటుంది.) పనివాళ్ల చర్మానికి ప్రమాదమని ముందే అనుమానం ఉండటంతో అందరినీ వరసగా పరీక్షించారు. 1960లో అచ్చయిన ఆ ఫలితాల్లో 359 మందిని చూస్తే 50 మందిలో కేన్సరో, కేన్సర్‌కు ముందు దశ మచ్చలో కనిపించాయి. ప్లాంటు మొదలై అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. ఇందులో నాకు కనబడేది ఆ 50 కన్నా 359. ఎందరు పని చేశారో, ఎవరు ఏ భాగంలో పని చేశారో, ఎన్నేళ్లు చేశారో రాసిన పుస్తకం ఒకటి ఉంది. ఆ పుస్తకం లేకపోతే 50 అన్న అంకెకు అర్థం లేదు. ప్రమాదాన్ని అంచనా వేయడమంటే ప్రయోగశాలలో ఎలుకలకు పూసి చూడటమే అనుకుంటాం. అందులో సగానికి పైగా హాజరు పట్టీ పనే.

మన దగ్గర ఆ పట్టీ లేదు. గుంపు మేస్త్రి నోటుపుస్తకంలో అడ్వాన్సులుంటాయి, కైకిలి లెక్కలుంటాయి, కూలి కోతలుంటాయి. డాంబరు పనా, మట్టి పనా అన్న గీత ఉండదు. హైదరాబాద్ కేన్సర్ రిజిస్ట్రీ లెక్కించేది హైదరాబాద్ జిల్లావాళ్లనే. మీ మూడు జిల్లాల మనిషి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రికి వెళ్లినా చర్మం మీద గడ్డగా నమోదవుతాడే గాని, సూరత్‌లోనో పుణెలోనో పద్దెనిమిదేళ్లు రోడ్లేసినవాడుగా నమోదు కాడు.

ప్రమాదాన్ని పెంచి చెప్పాలని నాకు లేదు. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉన్న అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ ఇలాంటి పదార్థాలను గుంపులుగా విడదీస్తుంది. బొగ్గు తారు, రాళ్లను కాల్చి తీసే నూనె, మసి, సరిగా శుద్ధిచేయని ఖనిజ నూనెలు మనుషుల్లో కేన్సర్ తెస్తాయని రుజువైన మొదటి గుంపులో ఉన్నాయి. మనం డాంబరు అనేది ఇప్పుడు ముడిచమురు శుద్ధిలో అడుగున మిగిలే బిటుమెన్. బొగ్గు తారుతో పోలిస్తే అందులో ఆ అణువులు చాలా తక్కువ. 2011లో ఆ సంస్థ నిపుణులు కూర్చుని, ఇళ్ల పైకప్పులకు వాడే రకం బిటుమెన్ పనిని 'బహుశా కేన్సర్ కారకం' అన్న గుంపులో, రోడ్డు పనిని దానికి ఒక మెట్టు కింద, 'కావచ్చు' అన్న గుంపులో పెట్టారు. అంటే డాంబరు కూలీకి కేన్సర్ వస్తుందని ఎవరూ అనలేదు. రాదనీ అనలేదు. యూరప్‌లో, అమెరికాలో ఒంటి నిండా బట్టలు, గ్లౌజులు, వేడి తగ్గించిన మిక్సు, పనయ్యాక స్నానానికి నీళ్లు ఉన్న కార్మికులను చూసి చెప్పిన మాట అది. గోనెపట్టలు కట్టుకుని కిరోసిన్‌తో కడుక్కునేవాళ్లను చూసి చెప్పింది కాదు. వాడిన ఇంజినాయిలు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది, ఎలుకల చర్మం మీద అది కేన్సర్ పుట్టించడం ఎప్పుడో చూశారు. ఇక పెట్రోలును 2025లో మొదటి గుంపులోకి చేర్చారు. అది చర్మం కోసం కాదు, మూత్రాశయ కేన్సర్, ఒక రకం రక్త కేన్సర్ కోసం. పెట్రోలుతో చేతులు కడుక్కునే మెకానిక్కులకు ఈ ముక్క కూడా చెప్పించండి.

గద్వాల కలెక్టరు గారు ఇక్కడ పెద్ద ధన్వాడ గురించి అడగొచ్చు. రాజోలి మండలంలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2025 జూన్‌లో జనం తిరగబడ్డారు, కేసులయ్యాయి, రైతులను బేడీలతో కోర్టుకు తెచ్చిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. ఆ ఊళ్ల భయం నీటి గురించి, వాసన గురించి, పంట గురించి. ఆ భయానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది, కంపెనీది. ఇథనాల్ చేతికంటితే మాత్రం చర్మ కేన్సర్ రాదు. అది తేలిగ్గా ఆవిరయ్యే చిన్న అణువు, నేను చెబుతున్న బరువు వలయాల జాతి కాదు. రెండింటినీ కలిపి మాట్లాడితే ఊళ్లో లేనిపోని బుగులు పుడుతుంది, రోడ్డు మీది అసలు సంగతి పక్కకు పోతుంది. ఫ్యాక్టరీ వద్దన్నవాళ్లకు ఈ ఉత్తరం అడ్డం పెట్టుకుని జవాబివ్వొద్దని కూడా మనవి.

నల్ల చర్మానికి చర్మ కేన్సర్ రాదు కదా అన్న మాట చదువుకున్నవాళ్ల నోటే విన్నాను. ఎండ వల్ల వచ్చే రకం మనకు తక్కువన్నది నిజం. మన చర్మంలోని రంగే అక్కడ గొడుగు. ఆ గొడుగు తారుకు, నూనెకు అడ్డుపడదు, కాలిన గాయాలకు అసలే అడ్డుపడదు. కాశ్మీరులో చలికి ఒంటికి ఆనించుకునే కాంగ్డీ కుంపటి సెగతో తొడల మీద, పొట్ట మీద వచ్చే కేన్సర్ మన దేశపు వైద్య పుస్తకాల్లో పాత పాఠం. కాలిన గాయం మానిన మచ్చ ముప్పై ఏళ్ల తర్వాత తిరగబడి పుండై కేన్సర్‌గా మారడాన్ని డాక్టర్లు మార్జొలిన్ పుండు అంటారు. వేడి డాంబరు మీద పడి కాలిన మచ్చ లేని డాంబరు కూలీ ఉంటాడా? మా బంధువుల్లో ఒక పెద్దాయనకు మోకాలి కింద అరచేయంత మచ్చ ఉండేది. రోలరు పక్కన డబ్బా ఒలికి పడిందట. ఎప్పుడన్నా అది పగిలితే పసుపు పెట్టుకుని ఊరుకునేవాడు. అది అందరూ చేసే పనే.

ఇంకో మాట. మన దగ్గర చర్మ కేన్సర్ మామూలుగా తక్కువ కాబట్టే, పని వల్ల కొంచెం పెరిగినా వెతికితే ఇట్టే తెలిసిపోతుంది. ఇంగ్లండులోనో ఆస్ట్రేలియాలోనో ఎండ వల్ల వచ్చేవాటి మధ్య పని వల్ల వచ్చింది ఏదో తేల్చడం కష్టం. మీ మూడు జిల్లాలు ఈ విషయంలో ప్రపంచానికే పాఠం చెప్పగల చోటు. ఇంతమంది ఒకే పనికి తరతరాలుగా పోయివచ్చే ప్రాంతాలు ఎక్కువ లేవు.

చట్టంలో దీనికి చోటు లేదనుకునేరు. 1923 నాటి పరిహారాల చట్టం మూడో షెడ్యూలులోనే ఉండేది: తారు, కీలు, బిటుమెన్, ఖనిజ నూనె వల్ల వచ్చే చర్మ కేన్సర్ వృత్తివ్యాధి, దానికి పరిహారం ఇవ్వాలి. ఆ జాబితా ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద కూడా అది కనబడగానే డాక్టరు ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుగా ఉండేది. రోడ్డు ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ తెలపడం జరిగేది కాదు. పరిహారం దగ్గర మెలిక ఇంకా గట్టిది. ఈ జబ్బును పెట్టిన భాగంలో షరతు ఏమిటంటే, కార్మికుడు ఒకే యజమాని కింద కనీసం ఆరు నెలలు ఆగకుండా పనిచేసి ఉండాలి. మరొకరి దగ్గర అదే పని చేసిన రోజులు లెక్కలోకి రావు. దాని తర్వాతి భాగంలోని జబ్బులకు మాత్రం వేర్వేరు యజమానుల దగ్గర చేసిన కాలాన్ని కలిపి చూస్తారు. సిలికోసిస్‌లాంటి ఊపిరితిత్తుల జబ్బులు అందులో ఉన్నాయి. దుమ్ము ఊపిరిలో ఏళ్లకేళ్లు పేరుకుంటుందని ఒప్పుకున్న చట్టం, తారు చర్మంలో అట్లాగే పని చేస్తుందని ఒప్పుకోలేదు. మే నెలలో ఒక కాంట్రాక్టరు, నవంబరులో ఇంకో కాంట్రాక్టరు, మధ్యలో వానకాలం సొంతూళ్లో ఉండే పాలమూరు కూలీకి ఈ ఆరు నెలల గీత దాటడం సాధ్యమేనా? చట్టం మార్చే అధికారం మీకు లేదని తెలుసు. ఈ జబ్బును తర్వాతి భాగంలోకి మార్చమని మీ ముగ్గురి సంతకాలతో రాష్ట్రానికి ఒక సిఫారసు పంపడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దానికన్నా ముందు చేయగలిగినవి చాలా ఉన్నాయి. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, గద్వాలలో 2024లో. మూడింటికీ చర్మవ్యాధుల విభాగమూ ఉంటుంది, ఊళ్లు తిరిగి సర్వే చేయాల్సిన కమ్యూనిటీ మెడిసిన్ విభాగమూ ఉంటుంది. విద్యార్థులు పరిశోధన అంశాల కోసం వెతుక్కుంటూనే ఉంటారు. వలస ఎక్కువున్న కొన్ని ఊళ్లలో డాంబరు, సెంట్రింగ్, మెకానిక్ పనులు చేసినవాళ్లనూ, ఎన్నడూ ఆ పనులు ముట్టనివాళ్లనూ పక్కపక్కన చూసి, చేతులు, ముఖం, కాలిన మచ్చలు పరిశీలించి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క కోసి పరీక్షకు పంపితే ఒక్క ఏడాదిలో ఏదో ఒకటి తెలుస్తుంది. మహిళలను ఆడ డాక్టర్లే చూడాలని ప్రత్యేకంగా చెప్పండి. తట్టలు మోసినవాళ్లలో సగం మంది వాళ్లే. ఈ రకం కేన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే చిన్న ఆపరేషన్‌తో పోతుంది. ఆలస్యమైతే చేయి తీసేయాల్సి రావచ్చు.

పని దగ్గర చేయాల్సిందానికి పెద్ద ఖర్చు లేదు. ఒంటికంటిన డాంబరును వదిలించడానికి వంటనూనె చాలు. నూనె రాసి మెత్తబరిచి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కోవాలి. పల్లీ పండే నేల మనది, పల్లీ నూనె గురించి మనకు ఎవరో చెప్పాలా? జిల్లాలో జరిగే ప్రతి రోడ్డు పని దగ్గర సబ్బు, నూనె, నీళ్ల డ్రమ్ము, గ్లౌజులు ఉన్నాయో లేదో చూసి రాయమని పంచాయతీరాజ్, ఆర్‌అండ్‌బీ ఇంజినీర్లకు ఒక మెమో ఇవ్వండి. కిరోసిన్‌తో చేతులు కడగకూడదని సైటు బోర్డు మీద తెలుగులోనూ హిందీలోనూ రాయించండి. ఇవాళ మన రోడ్లమీద ఒడిశావాళ్లు, ఝార్ఖండ్‌వాళ్లు పనిచేస్తున్నారు. మనవాళ్లు మహారాష్ట్రలో పనిచేస్తున్నారు. వాళ్ల జిల్లాలో మన మనుషులకు జరగాలనుకునేది మన జిల్లాలో వాళ్లకు జరిపించాలి కదా.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డుకు రోడ్డు కూలీలు కూడా అర్హులే, 1996 చట్టంలోనే రోడ్లను చేర్చారు. ఆ కార్డు పునరుద్ధరణ కోసం వచ్చినప్పుడు డాంబరు పనిలో ఎన్ని నెలలు అన్నది ఒక గడిలో రాయించండి. ఏడాదికోసారి రాసినా పదేళ్లకు అదొక చరిత్ర అవుతుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల కింద నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అని కేంద్రం ప్రకటించింది. అది బీపీ, షుగరుతో ముగియకుండా చొక్కా విప్పి చూసే పరీక్ష కావాలంటే మీరు చెప్పాలి.

ఇదంతా పాతకాలపు పనుల గొడవ అనిపిస్తే ముందున్నదాన్ని చూడండి. 2030 నాటికి పది కోట్ల టన్నుల బొగ్గును గ్యాసుగా మార్చాలని దేశం లక్ష్యం పెట్టుకుంది, 2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఇందుకు 8,500 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ గ్యాసు నుంచి రసాయనాలు, ఇంధనాలు వస్తాయి. బొగ్గును గ్యాసు చేసే పనిలో ఉండటాన్ని లియాన్ సంస్థ ఎప్పుడో మొదటి గుంపులో పెట్టింది. తెలంగాణకు ఆ పని తెలియంది కాదు, రామగుండం పాత ఎరువుల కార్ఖానా 1980 నుంచి 1999లో మూతపడేదాకా బొగ్గు గ్యాసు మీదే నడిచింది. కొత్త ప్లాంట్లు ఎక్కడ వచ్చినా వాటి పునాదులు తవ్వేది, పైపులు దించేది, అడుగున పేరుకున్న తారు గోకేది కాంట్రాక్టు కూలీలే. వాళ్లలో మీ జిల్లాల మనుషులు ఉండరని ఎవరూ అనలేరు. పశ్చిమ వర్జీనియాలో కంపెనీ జీతం మీద ఉన్నవాళ్లను పరీక్షించారు. మన దగ్గర ఏ జీతం పట్టీలోనూ లేనివాళ్లను ఎవరు పరీక్షించాలి?

వలస పోయినవాళ్లు ఊళ్లో దొరికే రోజులు కొన్నే. పీర్ల పండుగకు వస్తారు, మల్దకల్ తిమ్మప్ప జాతరకు వస్తారు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయేవాళ్లుంటారు, తొలకరికి విత్తనం వేయడానికి వస్తారు. సర్వేను కార్యాలయాల క్యాలెండరు ప్రకారం జనవరి, ఫిబ్రవరిలో పెడితే ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు తప్ప ఎవరూ ఉండరు, 'అందుబాటులో లేరు' అని రాసి ఫైలు మూసేస్తారు. ఆశా కార్యకర్తల శిక్షణ ముందే ముగించి, తొలకరి వానలకు వాళ్లు ఊరు చేరిన వారంలో మొదలుపెట్టించండి. పండుగ పూట అడిగితే సమాధానం చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు, విత్తనాలు పడ్డాక నాలుగు రోజులు తీరిక ఉంటుంది. ఆ ప్రశ్న కూడా సర్కారు భాషలో కాకుండా, "అన్నా, డాంబర్ పని ఎన్నేండ్లు చేసినవ్? ఎక్కడన్న కాలిందా? చూపియ్యి" అన్నట్టు ఉండాలి.

మీ జవాబు నాకు రాయనక్కర్లేదు. మీ జిల్లా వైద్యాధికారికి రాస్తే చాలు.

ఇట్లు,
నాగర్‌కర్నూల్ జిల్లా రచయిత ఒకరు